నిలుపు వేళ పాలసీసా

తెప్పలపాలెం వాలు పుస్తకం
రాసేది: సూరాడ దండాసి, మట్టం మేస్త్రీ

తలుపు మూతకు ఇంకా పన్నెండు రోజులు

వాలు: తూర్పుకి రెండు గీతలు. తెప్పల కింది మూడో తొట్టి నీళ్ళు కొంత తోడించాను, సరిపోయింది.

ఈ పుస్తకంలో చివరి గడి పేరు ‘ఇతర విషయాలు’. ఆరేళ్ళలో ఆ గడిని నేను వాడింది రెండేసార్లు. వంటశాల తెప్పకి తిమింగలం వచ్చి ఒళ్ళు రుద్దుకున్నప్పుడు ఒకసారి, మా పైడి పుట్టినప్పుడు ఒకసారి. ఇవాళ మూడోసారి.

పొద్దున ఆరింటికి ఎప్పట్లాగే సైరన్ మోగింది. ఊరంతా నిలబడింది. నిలుపు అంటే నిలుపే. సముద్రం మీద తేలే అరవై తెప్పల మీద పన్నెండు వందల మంది, ఎవరెలా ఉన్నవాళ్ళు అలాగే, ఆరు నిమిషాలు. గరిటె పట్టుకున్నావిడ గరిటెతో, మెట్టు మీద ఒక కాలు వేసినవాడు ఒంటికాలితో. ఆ ఆరు నిమిషాల్లో రసమట్టంలో బుడగ ఎటు జరుగుతోందో నిమిషానికొకసారి చూసి రాసుకుంటాను. యంత్రాలు లేక కాదు. ఒకసారి యంత్రాన్ని నమ్ముకుంటే వంటశాల సగం మునిగింది, మూడు రోజులు అటుకులు తిని బతికాం. అప్పటినుంచి కంటితోనే. చూడడం అయ్యాక మైకులో “కదలొచ్చు” అంటాను, ఊరు కదులుతుంది. మధ్యలో కదిలినవాళ్ళని పేరు పెట్టి మైకులోనే తిడతాను. అందుకే నన్ను పెళ్ళిళ్ళకి ఎవరూ మనస్ఫూర్తిగా పిలవరు.

ఇవాళ “కదలొచ్చు” అనీ అనగానే లంగరు పెద్ద ఎల్లాజీ నా గదిలోకి వచ్చాడు. ఊరిని సముద్రం అడుక్కి కట్టి ఉంచే ఏడు గొలుసుల బాధ్యత అతనిది.

“నాలుగో గొలుసు మేకు అరిగిపోనాది దండాసీ. తుఫాన్ల నెల రాకముందే మార్చీయాల.”

“మార్చు మరి అన్నా.”

“నూట పది మీటర్ల లోతు. ఇద్దరు దిగాల. అంత లోతు దిగినోళ్ళు మన ఊళ్ళో ముగ్గురు. అందులో ఒకడికి సెవిలో సీము.”

మిగిలిన ఇద్దరిలో ఒకరు మా ఆవిడ నూకరత్నం. అంత లోతుకి దిగేవాళ్ళు ముందుగా ఇనప గదిలో కూర్చుంటారు. లోపలి ఒత్తిడి అడుగున ఉండే ఒత్తిడికి సమానం చేస్తారు. ఆ గది నుంచే బోనులో కిందికి దిగి పని చేసి, మళ్ళీ ఆ గదికే వస్తారు. పని అయ్యాక ఒత్తిడి తగ్గించడానికే నాలుగు రోజులు పడుతుంది. మధ్యలో ఏం జరిగినా తలుపు తీయడానికి లేదు, తీస్తే మనిషి బతకడు. మొత్తం తొమ్మిది రోజులు.

మా పైడికి ఐదో నెల. పుట్టాక తల్లి రొమ్ము తప్ప ఇంకేదీ నోట పెట్టి ఎరగదు.

ఇంటికి వెళ్ళి చెబితే రత్నం నాకంటే ముందే వినేసి ఉంది. “నాను ఎల్లకపోతే ఎవుళు ఎల్తారు మావా, నువ్వా?” అంది. నాకు స్నానం చెంబులో నీళ్ళు తప్ప ఇంకే నీళ్ళూ పడవు.

ఇనప గదికి పక్కన ఒక చిన్న గూడు ఉంది. అటో తలుపు, ఇటో తలుపు. అన్నం లోపలికి, మాసిన గుడ్డలు బయటికి దాని గుండానే. పాలు పిండి అందులోంచి పంపిస్తానంది. అంటే పాలకి లోటు లేదు. వాటిని సీసాతో తాగే మనిషి కావాలి. పైడి సీసా పట్టకపోతే రత్నం దిగదు. రత్నం దిగకపోతే నాలుగో గొలుసు ఈ ఏటి తుఫానుకి నిలబడదు.

పదకొండు రోజులు

వాలు: సమం.

మొదటి సీసా. రత్నమే ఒళ్ళో వేసుకుని పట్టింది. పైడి సీసా పీకని నాలుకతో బయటికి తోసి, అమ్మ మొహంలోకి చూసి, నవ్వి, జాకెట్టు లాగింది. ఇంటినిండా అన్నం పెట్టుకుని నన్ను బజారులో తినమంటావా అన్నట్టు ఉంది ఆ చూపు. ఆ పిల్లని తప్పు పట్టలేను.

తొమ్మిది రోజులు

వాలు: ఉత్తరానికి ఒక గీత.

మా అత్త అప్పలనరసమ్మ ఇరవయ్యో తెప్ప నుంచి పెట్టె సర్దుకుని దిగింది. చేతిలో ఇత్తడి ఉగ్గుగిన్నె.

“సీసాలేటి, పీకలేటి! మా రత్నాన్ని నాను దీంతోనే పెంచినాను,” అంది.

పెంచిందేమో గాని, అప్పుడావిడ ఉన్నది గట్టు మీద. ఇక్కడ తెప్ప ఊగుతుంది. ఉగ్గుగిన్నెలో పాలు సగం పైడి చెవిలోకి, పావు అత్త చీర మీదికి. మిగిలిన పావు పైడి శ్రద్ధగా నోట్లో పెట్టుకుని నా మీద ఉమ్మింది. అత్త గిన్నె కడిగి పెట్టెలో దాచేసి, “మీ తెప్పలే మంచివి కావు,” అంది.

ఏడు రోజులు

వాలు: రాయడానికి ఓపిక లేదు గాని రాయాలి. దక్షిణానికి ఒక గీత.

గట్టు మీది డాక్టరమ్మ రేడియోలో మాట్లాడింది. తల్లి కనబడకూడదు, తల్లి వాసన తగలకూడదు, ఇంకెవరైనా పట్టాలి. పిల్ల ఆకలితో అల్లాడిపోయే దాకా ఆగకూడదు. పీకని నోట్లో కుక్కకూడదు, పెదవికి తగిలించి ఊరుకోవాలి, తనంతట తనే తీసుకోవాలి. “కంగారు పడకండి,” అని కూడా అంది. నాకు కంగారు ఏమిటి? మట్టం మేస్త్రీని నేను.

రత్నాన్ని చివరి తెప్పకి పంపేసి నేను పట్టాను. పీకని వేడినీళ్ళలో పెట్టి గోరువెచ్చగా చేశాను. కూర్చుని పట్టాను, నిలబడి పట్టాను, అటూ ఇటూ తిరుగుతూ పట్టాను. ఊపాను. పాట పాడాను. నాలుగు రకాల పీకలు మార్చాను. ప్రతి గుక్కకీ, అంటే తాగని ప్రతి గుక్కకీ, సీసా ఎత్తి వెలుతురులో గీతలు చూశాను, ఏమైనా తగ్గిందేమోనని. ఒక్క గీత తగ్గలేదు. పైడి మాత్రం ఎర్రగా కందిపోయి, వీపు విల్లులా వంచి, ససేమిరా అంది.

సాయంత్రం రత్నం చొక్కా వేసుకుని పట్టి చూశాను. పైడి మోసపోలేదు. పక్క తెప్పవాళ్ళు మాత్రం కిటికీ దగ్గర చేరి ఇప్పటికీ నవ్వుతున్నారు.

నాలుగు రోజులు

వాలు: సమం. ఊరు ఒక్కటే సమంగా ఉంది.

ఇవాళ తప్పు పని చేశాం. “ఆకలేస్తే అదే తాగుతాది. గాలి తిని బతకదు కదేటి,” అంది అత్త. డాక్టరమ్మ వద్దన్నదే అది. అయినా నేనూ సరే అన్నాను. అయిదు గంటలు. మూడో గంటకి పైడి ఏడుపు మారింది. నాలుగో గంటకి గొంతు బొంగురుపోయింది. సీసా చూపిస్తే చాలు, మొహం తిప్పేసుకుని వణికింది. ఇదివరకు సీసా అంటే ఇష్టం లేదు, ఇప్పుడు భయం కూడా పట్టుకుంది. అది మేం చేసిన పనే.

అయిదో గంటకి రత్నం చివరి తెప్ప నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. జాకెట్టంతా పాలతో తడిసిపోయింది. నా చేతుల్లోంచి పిల్లని లాక్కుని గోడ వైపు తిరిగి కూర్చుంది. పైడి తాగుతూ కూడా వెక్కింది.

“సెప్పీయ్ ఎల్లాజీకి. నాను దిగను,” అంది గోడ వైపు నుంచే.

“మరి గొలుసో?”

“గొలుసు తెగితే అందరం ఈదుదుం. నా బిడ్డని ఇలగ ఏడిపించి నాను దిగను మావా.”

అత్త చెంగు నోట్లో కుక్కుకుంది. నేను వెళ్ళి ఎల్లాజీకి చెప్పాను. “రేపొక్క రోజు సూద్దుం,” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడు రోజులు

వాలు: మొదటి నిలుపులో తెలియలేదు. రెండో నిలుపులో తూర్పుకి ఒక గీత.

మొదటి నిలుపులో వాలు ఎందుకు తెలియలేదో రాస్తాను. నా తరవాత ఈ పుస్తకం చూసేవాళ్ళు నన్ను తాగుబోతు అనుకోకూడదు.

పొద్దున్నే చెవుల పరీక్షకి రమ్మని రత్నానికి కబురొచ్చింది. దిగను అన్నా పరీక్షకి వెళ్ళాలి, అది రూలు. తోడు అత్త వెళ్ళింది. పిల్లల్ని మట్టం గదిలోకి తీసుకురాకూడదని రూలు రాసింది నేనే. ఇంకేం చెయ్యను? పాత చీరతో పైడిని నా ఛాతీకి కట్టుకున్నాను. మొహం బయటికి పెట్టి కట్టాను, ఎందుకంటే నా వైపు పెడితే నా ఛాతీ అంతా వెతికి, ఏమీ దొరక్క, తిడుతుంది. పాలు పట్టే ఉద్దేశం లేదు. కాకపోతే ఎందుకైనా మంచిదని వెచ్చటి సీసా జేబులో పెట్టుకున్నాను.

సైరన్ దానంతట అది మోగే సమయానికి సీసా జేబులో కాలుతోందని బయటికి తీశాను. సైరన్ మోగింది. నిలుపు. సీసా పట్టుకున్న చెయ్యి పైడి గడ్డం దగ్గర ఎలా ఉందో అలాగే ఆగిపోయింది. కన్ను బుడగ మీద పెట్టాను.

పైడి కూడా బుడగని చూసింది. పచ్చటి నీళ్ళలో మెల్లగా జరిగే బుడగ. ఆ పిల్ల అంతసేపు నోరు మూసుకుని ఉండడం నేను చూడడం అదే మొదటిసారి. ఊళ్ళో చప్పుడు లేదు. మొదటి నిమిషం రీడింగు రాసుకున్నాను.

రెండో నిమిషంలో పీకకి ఏదో తగిలింది. చిగుళ్ళు. కొరికింది. వదిలింది. మళ్ళీ కొరికింది. నాకు అర్థమైంది, కాని కదలకూడదు. చూడాలంటే తల దించాలి. ఊరంతా ఒంటికాలి మీద నిలబడి ఉంటే మేస్త్రీ తల దించుతాడా? బుడగ వైపే చూస్తూ ఉన్నాను. తరవాత ఒక చప్పుడు వినిపించింది. గుటక. చిన్నది. ఇంకొకటి. ఇంకొకటి.

బుడగ ఎటు జరిగిందో నాకు తెలియదు. కళ్ళ నిండా నీళ్ళే. ఆరు నిమిషాలూ అయ్యాయి, పుస్తకంలో అయిదు గడులు ఖాళీ, పైడి ఇంకా తాగుతూనే ఉంది. “కదలొచ్చు” అనడానికి నోరు రాలేదు. ఎడం చేత్తో మైకు అందుకుని, “ఇంకో ఆరు నిమిషాలు. దయచేసి,” అన్నాను. ఆరేళ్ళలో మైకులో నేను దయచేసి అనడం అదే మొదలు. ఎవరో చచ్చిపోయారనుకున్నారట.

సీసాలో సగం పైన అయిపోయింది. నా ప్రాణం లేచి వచ్చింది.

రెండు రోజులు

వాలు: సమం.

సంగతి తేలిపోయింది. ఊరు నిలబడితే పైడి తాగుతుంది. తెప్ప ఊగులాట తగ్గుతుంది, సందడి ఆగుతుంది, పిల్ల మనసు కుదుటపడుతుంది. లెక్కలాగా స్పష్టంగా ఉంది. ఎల్లాజీకి చెబితే ఒక్క క్షణం ఆలోచించి, పగలు ఇంకో నాలుగు నిలుపులు వేయమన్నాడు.

వేశాం. “పైడి నిలుపు” అని పేరు కూడా పెట్టేశారు. వంటశాలవాళ్ళు పొయ్యి తగ్గించి నిలబడ్డారు, బడిలో పిల్లలు ఎక్కాలు మధ్యలో ఆపి నిలబడ్డారు. నేను మట్టం గదిలో పైడిని కట్టుకుని, సీసా చేత పట్టుకుని, బుడగ చూస్తూ నిలబడ్డాను. నాలుగుకి నాలుగుసార్లూ తాగింది. నిలుపు అయ్యాక వంతెనల మీద వెళ్ళేవాళ్ళు మొహమాటం లేకుండా అడిగారు: “తాగిందా?” తాగిందంటే పండగే.

రత్నం నా మాట నమ్మలేదు. కిటికీ చాటు నుంచి తనే చూసింది. చూసి, వెళ్ళి ఎల్లాజీకి తనే చెప్పింది, దిగుతానని.

తలుపు మూసిన రోజు

వాలు: పడమరకి ఒక గీత. గది బరువు.

పొద్దున ఎనిమిదింటికి తలుపు మూశారు. అంతకు ముందు రత్నం పైడికి కడుపు నిండా పట్టి, తల మీద ముద్దు పెట్టి, నా చేతికిచ్చి, “పట్టేటప్పుడు పాట పాడకు మావా, భయపడతాది,” అని లోపలికి వెళ్ళింది. నవ్వుతూనే వెళ్ళింది. ఇనప తలుపు బిగించేశారు.

పదకొండింటికి నిలుపు వేద్దామని ఎల్లాజీ దగ్గరికి వెళ్ళాను. అతను బోనుని దించే గొలుసు చక్రం దగ్గర ఉన్నాడు. నన్ను చూసి మొహం పాలిపోయింది.

“బోను దిగుతాంది దండాసీ. బోను దిగాక సక్రం ఆపకూడదు. సక్రం తిరుగుతుంటే నిలుపెలగ ఏత్తాం?”

ఈ సంగతి అతనికి తెలుసు. నాకూ తెలుసు. పైడి తాగుతోందన్న సంతోషంలో ఇద్దరమూ మర్చిపోయాం. ఇక్కడ పుట్టి పెరిగిన ఇద్దరు పెద్దమనుషులం, ఊరిని ఆపడం మీద ఆధారపడి ఒక తల్లిని లోపల పెట్టి తాళం వేశాం. రోజంతా చక్రం తిరుగుతుంది. పొద్దుటి నిలుపు కూడా బోను దిగకముందే దొంగతనంగా వేసుకోవాలి.

ఇంటికి వచ్చి సీసా పట్టాను. పైడి నోరు బిగించింది. ఊపాను. తిరిగాను. గీతలు చూశాను. వీపు విల్లులా వంగింది. ఆ అయిదు గంటల ఏడుపు మళ్ళీ మొదలవబోతోందని నాకు తెలిసిపోయింది. తలుపేమో తీయడానికి లేదు. తొమ్మిది రోజులు.

“ఎల్లాజీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్క నిలుపు. ఒక్కటి,” అంటూ చెప్పులు వేసుకుంటున్నాను. అత్త నా చొక్కా పట్టుకుని ఆపింది.

“ఎక్కడికి?”

“ఊరిని ఆపాల అత్తా. ఊరు ఆగితేనే పైడి గుంట పాలు తాగుతాది.”

“ఆగాల్సింది ఊరు కాదు బాబూ. నువ్వు.”

నాకు అర్థం కాలేదు.

“మూడు రోజులై సూత్తన్నాను,” అంది అత్త. “నిలుపప్పుడు నువ్వు కదలవు, దాని మొకంలోకి సూడవు, సీసాలోకి సూడవు. అది దాని పని సేసుకుంటాది. మిగతా యేళప్పుడు కాలు కాలిన పిల్లినాగ తిరుగుతావు. గుంటకి దడుపు రాదేటి? అటు తిరుగు. ఆ సముద్రాన్ని సూడు. సీసా అలగే పట్టుకో. నాను సెప్పేదాకా ఊపిరి తప్ప ఏటీ తీయకు.”

పైడిని చీరతో కట్టింది, మొహం బయటికి. నన్ను కిటికీ ముందు నిలబెట్టింది. దూరంగా చక్రం కరకరమని తిరుగుతోంది. తెప్ప ఊగుతోంది. వంతెన మీద ఎవరో గంపలు ఈడుస్తున్నారు. సమస్త ప్రపంచమూ కదులుతోంది. నేను కదల్లేదు. సముద్రంలో ఒక తెల్ల పక్షి వాలి ఉంది, దాన్ని చూశాను. అది లేచిపోయింది. అది ఉన్న చోటుని చూశాను.

చిగుళ్ళు. కొరుకుడు. గుటక.

అత్త వెనకనుంచి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. వెనక్కి తిరిగితే సీసా కదులుతుందని తిరగలేదు.

అయిదో రోజు

వాలు: సమం. మేకు మార్చారు.

గూడులోంచి రోజుకి మూడు పూటలా పాలు వస్తున్నాయి. గూడులో ఒత్తిడి తగ్గుతుంటే పొంగుతాయి కాబట్టి మూత వదులుగా పెట్టి పంపుతుంది. మీద చిన్న నురగ. పైడికి దాంతో ఏ పేచీ లేదు. అత్త సీసా పడుతుంది, నేనూ పడతాను, నిన్న ఎల్లాజీ కూడా పట్టాడు, గొలుసు చక్రం దగ్గర, దాని రొదలోనే.

ఇవాళ రత్నంతో ఫోను కలిపారు. లోపల హీలియం గాలి, గొంతు బాతులా వస్తుంది. పైడిని ఫోను దగ్గర పెట్టాను.

“అమ్మీ, పాలు తాగినావేటి?” అంది బాతు.

పైడి కళ్ళు పెద్దవి చేసి, ఒక్క క్షణం ఆగి, నోట్లో పాలన్నీ నా చొక్కా మీద పోసేటంత గట్టిగా నవ్వింది. లోపలినుంచి బాతు కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చిందని నాకు తెలుసు. బాతు గొంతులో ఏడుపు కూడా నవ్వులాగే వినిపిస్తుంది, కాని పదేళ్ళ కాపురం.

“అంతా తాగతాందా మావా? నిజం సెప్పు.”

“అంతా తాగతాంది. నాను కదలకపోతే సాలంట.”

తొమ్మిదో రోజు

వాలు: చూశాను. బాగుంది.

మధ్యాహ్నం తలుపు తీశారు. రత్నం పాలిపోయి, పెదవులు పగిలి, కళ్ళు చికిలిస్తూ బయటికి వచ్చింది. ఎల్లాజీ ఏదో చెప్పబోయాడు, వినలేదు. తిన్నగా ఇంటికి వచ్చింది.

దారి పొడుగునా నాకు ఇంకో భయం. సీసాకి అలవాటు పడిన పిల్ల ఇప్పుడు రొమ్ము పట్టకపోతే? ఈ తొమ్మిది రోజులూ ఆ మాట పైకి అనలేదు. రత్నం కూడా అనలేదు. అత్త చేతుల్లోంచి పైడిని అందుకుంటూ రత్నం ముందు పిల్ల పెదవుల వైపే చూసింది. తనకీ అదే భయం.

రత్నం మంచం మీద కూర్చుంది. పైడి తల్లిని చాలాసేపు చూసింది. గొంతు బాతుది కాదు, మొహం కొంచెం మారింది. వాసన చూసింది. నేను ఇంక చూడలేకపోయాను. కిటికీ దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి వీపు పెట్టి, సముద్రాన్ని చూస్తూ నిలబడ్డాను. ఊపిరి తప్ప ఏమీ తీయలేదు.

చాలాసేపు ఏమీ వినిపించలేదు. తరవాత గుటక వినిపించింది. ఇంకొకటి. ఆగకుండా.

నేను తిరగలేదు. పైడి తాగడం అయిపోయేదాకా ఆ ఖాళీ నీళ్ళనే చూస్తూ నిలబడ్డాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి, చొక్కా ముందు భాగం తడిసింది, ఈసారి పాలతో కాదు.

“మావా,” అంది రత్నం వెనకనుంచి, మెల్లగా, పిల్ల నిద్రపోయినప్పటి గొంతుతో. “ఇంక కదలొచ్చు.”